వేములవాడ దారిలో రెండు మొక్కలు

మీరెప్పుడైనా వేములవాడ చూశారా? కరీంనగరం నుంచి బస్సెక్కి పడమరగా పోతే 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి రాజరాజేశ్వరస్వామిని అందరూ ప్రేమగా రాజన్న అంటారు. భక్తులు ధర్మగుండంలో స్నానం చేసి, కోడెను గుడి చుట్టూ తిప్పి, కట్టేసి మొక్కు తీర్చుకుంటారు. వెయ్యేళ్ల క్రితం ఈ ఊరు చాళుక్య రాజుల రాజధాని. కన్నడ ఆదికవి పంపడు ఇక్కడి రెండవ అరికేసరి ఆస్థానంలోనే ఉండేవాడు.

ఈసారి వెళ్లినప్పుడు గుడి చూసుకుని, రెండు మొక్కల కోసం కూడా వెతకండి. ఆ రెండింటికీ మన మెదడుతో సంబంధం ఉన్నది.

మొదటిది ఉమ్మెత్త. బూరాలాంటి తెల్లని పువ్వు, ముళ్లకాయ. దారి పక్కన ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఇది శివుడికి ఇష్టమైన పువ్వని పెద్దలు చెబుతారు. చూడండి, కాని పొరపాటున కూడా నోట పెట్టకండి! దాని గింజలు తిన్నవారికి నోరు ఎండిపోతుంది, లేనివి ఉన్నట్టు కనబడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఆ మొక్కలో ఉండే స్కోపొలమిన్ అనే పదార్థాన్నే వైద్యులు బహు కొద్దిగా, కొలత ప్రకారం, ప్రయాణంలో వాంతులు కాకుండా ఇస్తారు. అదే పదార్థం ఒక కొలతలో మందు, మరొక కొలతలో విషం!

రెండవది నీటిబ్రాహ్మి. చెరువుల పక్క తడినేల మీద పాకుతుంది. దళసరి చిన్న ఆకులు, తెల్లని చిన్న పూలు. ఇది జ్ఞాపకశక్తిని పెంచుతుందని పూర్వం నుంచీ నమ్మకం. కాని గుండ్రని ఆకుల సరస్వతి మొక్కను కూడా కొందరు బ్రాహ్మి అనే అంటారు. అవి రెండూ వేరు వేరు మొక్కలు. అందుచేత శాస్త్రజ్ఞుడు చేసే మొదటి పని, తన చేతిలో ఉన్నది ఏ మొక్కో తేల్చుకోవడం.

తరువాత పరీక్ష. ఒక పిల్లవాడు ఆకు తిని పరీక్షలో మొదటివాడుగా వచ్చాడనుకోండి. అది ఆకు మహిమా? లేక ఆ యేడు బాగా చదివాడా? అది తెలియాలంటే పోల్చి చూడాలి. అందుకని ప్రయోగశాలలో కొన్ని ఎలుకలకు మందు ఇస్తారు, కొన్నిటికి ఇవ్వరు.

నోరులేని ఎలుకను, “నీకు భయం తగ్గిందా?” అని ఎలా అడగడం? దానికొక ఉపాయం ఉన్నది. కూడిక గుర్తు ఆకారంలో, నేలకు ఎత్తుగా ఒక బల్ల అమర్చుతారు. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. భయపడిన ఎలుక గోడల చాటునే నక్కి ఉంటుంది. భయం తగ్గినది బయటి దారుల్లోకి వస్తుంది. ఎవరు చెప్పనక్కరలేదు, గడియారం పెట్టి లెక్కించటమే!

1951లో లక్నోలో మందుల పరిశోధనకు ఒక పెద్ద సంస్థ వెలిసింది. అక్కడి శాస్త్రజ్ఞులు నీటిబ్రాహ్మి ఇచ్చిన ఎలుకలు కొత్త పాఠం త్వరగా నేర్చుకున్నాయని 1982లో తెలిపారు.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి? ఆస్ట్రేలియాలో 76 మందికి మూడు నెలలపాటు మాత్రలు ఇచ్చారు. కొందరివి నీటిబ్రాహ్మి మాత్రలు, కొందరివి ఉత్త మాత్రలు. ఎవరికి ఏవి దక్కాయో ఇచ్చేవారికీ తెలియదు, మింగేవారికీ తెలియదు. 2002లో ఫలితం వెలువడింది: నేర్చుకునే వేగం ఏమీ పెరగలేదు, నేర్చుకున్నది మరిచిపోవడం మాత్రం కొంత తగ్గింది. వారంతా 40 నుంచి 65 ఏళ్లవారు. కనుక మీవంటి పిల్లల సంగతి ఆ పరీక్ష చెప్పదు. పాఠం చదవకుండా ఆకు నమిలితే మార్కులు వస్తాయని అసలే చెప్పదు!

పెద్దలు వందల ఏళ్లుగా గమనించి చెప్పినందువల్లనే శాస్త్రజ్ఞులకు ఆ మొక్కను పరీక్షించాలని తోచింది. పరీక్షించినందువల్లనే ఆ మాటలో ఎంత నిజమో తేలింది.

గుడి చెరువు దగ్గర అలాంటి మొక్క కనిపిస్తే ఒక రెమ్మను పుస్తకంలో దాచుకోండి. నోట పెట్టకండి. బడికి పోయాక సారుకు చూపించి అడగండి: “ఇది ఏ బ్రాహ్మి, సార్?”