రంగులు చూపిన శత్రువు

1882వ సంవత్సరము మార్చి 24వ తేదీ సాయంకాలము బెర్లిను నగరమున శరీరధర్మశాస్త్రజ్ఞుల సభ యొకటి జరిగెను. అందు రాబర్టు కోక్ అను వైద్యుడు క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని తాను కనుగొంటినని తెలిపెను. ఆ కాలమున మరణించువారిలో ఏడింట నొకవంతు ఈ వ్యాధివాత బడుచుండిరని ఆయన లెక్క. ఉపన్యాసము ముగిసినది. వాదించువా రెవరును లేకపోయిరి. సభ్యులు మౌనముగ లేచి, బల్లలపై నమర్చిన సూక్ష్మదర్శినులలోనికి తొంగిచూచిరి. గోధుమవన్నె నడుమ సన్నని నీలపు పుల్లలవంటివి వారికి గోచరించెను. శతాబ్దములుగా మానవుని హరించుచున్న శత్రువు రూపము అదియే.

అంతవరకు ఆ శత్రువు కంటబడకుండుటకు కారణమేమి? సూక్ష్మదర్శిని లేకపోలేదు. హాలెండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1676లోనే తాను నూరిన కటకములతో బాక్టీరియాలను చూచియుండెను. కాని అవి మిక్కిలి చిన్నవి, పైగా పారదర్శకములు. నీళ్లలో పడిన గాజుపెంకు కంటికి చిక్కనట్లే, అవియు కఫమునందును రక్తమునందును కలిసిపోయి చిక్కకుండెడివి.

ఈ చిక్కు విప్పినది బట్టల అద్దకపు రంగు. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు తారునుండి లభించు పదార్థముతో క్వినైను చేయబోయి, ఊదారంగును సాధించెను. అటుపిమ్మట అట్టి కృత్రిమవర్ణములు అనేకములు పుట్టెను. శాస్త్రజ్ఞులు వానిని సూక్ష్మజీవులపై ప్రయోగించిరి. కోక్ క్షారము కలిపిన నీలిరంగులో గాజుపలకను సుమారొక దినము నానబెట్టి, పిదప గోధుమరంగు నద్దెను. తక్కినదంతయు గోధుమవన్నె దాల్చగా, క్షయక్రిములు మాత్రము నీలిరంగును విడువకుండెను.

ఆ సభలో పాల్ ఎర్లిక్ అను యువవైద్యుడు కూర్చుండియుండెను. ఆయన కొలదికాలములోనే అంతకంటె మేలైన పద్ధతిని కనుగొనెను. క్షయక్రిమి పైపొర మైనపువంటిది. రంగు దానిలోనికి చొచ్చుట కష్టము. చొచ్చినపిమ్మట వెడలుట మరియు కష్టము. కావున రంగువేసిన పలకను ఆమ్లముతో కడిగినచో ఇతరములైన క్రిములలో పెక్కు వెలవెలబోవును. క్షయక్రిమి ఎఱ్ఱగా నిలుచును. జీల్, నీల్సన్ అను వారు దీనిని సవరించిరి. కఫపరీక్షయందు ఆ పద్ధతి నేటికిని వాడుకలోనున్నది.

1884లో ఆ బెర్లినులోనే డెన్మార్కు దేశీయుడు క్రిస్టియన్ గ్రామ్ మరియొక మార్గమును జూపెను. ఊదారంగు, అయొడిను, ఆల్కహాలు వరుసగా ప్రయోగింపగా కొన్ని బాక్టీరియాలు ఊదారంగును నిలుపుకొనును, కొన్ని కోల్పోవును. కోల్పోయినవానికి పిదప ఎఱ్ఱరంగు నద్దుదురు. కణకవచము దళమైనవి మొదటి తెగ. పలుచనైనవి రెండవ తెగ. ఈ భేదము తెలిసినచో, రోగి కే మందు పనిచేయునో వైద్యుడు త్వరగా ఊహింపగలడు. తన పద్ధతి లోపభూయిష్టమని గ్రామ్ తానే వ్రాసికొనెను. అయినను ఆయన పేరెరుగని వైద్యపరీక్షాశాల నేడు లేదు.

కొన్ని యేండ్లు గడచెను. ఎర్లిక్‌నకు దగ్గు పట్టుకొనెను. ఆయన తన కఫమునే గాజుపలకపై పూసి, తాను కల్పించిన పద్ధతిచొప్పున రంగువేసి చూచెను. ఎఱ్ఱని పుల్లలు కనబడెను. ఇతరులకొరకు వెలిగించిన దీపము తన యింటి చీకటినే బయటపెట్టెను. అయినను ఆయన ధైర్యము చెడలేదు. 1888లో వెచ్చని ఈజిప్టు దేశమునకు పోయి, కోలుకొని తిరిగివచ్చెను. రంగు ఒక్క క్రిమినే పట్టుకొనగలిగినపుడు, క్రిమినే చంపి రోగిని కాపాడు మందేల యుండరాదని ఆయన యోచించెను. 1910లో లోకమునకు లభించిన సాల్వర్సాన్ అను ఔషధము ఆ యోచనకు ఫలము.

కానరాని శత్రువు భయమును మాత్రమే పుట్టించును. కంటబడిన శత్రువుతో పోరాడవచ్చును. చీరల కద్దిన రంగు మానవునికి చేసిన మేలు ఇదియే.