ఉదయం ఎనిమిదింటికి మా వీధి



ఈ నెల ఈ పేజీలో హోంవర్క్ గురించి, పరీక్షల గురించి కాకుండా ఒక వీధి గురించి రాస్తానన్నాను. "వీధికీ మన న్యూస్‌లెటర్‌కీ ఏం సంబంధం?" అన్నారు స్టాఫ్ రూమ్‌లో. పిల్లలు స్కూలుకు వచ్చేది వీధుల్లోంచే కదా అంటే సరే రాయమన్నారు.

నేనుండేది బోడుప్పల్ వైపు ఒక చిన్న కాలనీలో. మన బ్రాంచ్‌కి నడిస్తే పది నిమిషాలు. లేఅవుట్ ప్రకారం మా వీధి వెడల్పు 25 అడుగులు. ఇళ్ల ముందు ర్యాంపులు, వాటి పక్కన నిలిపిన కార్లు పోను, ఒక కారూ ఒక బైకూ పక్కపక్కన పట్టేంత దారి మిగులుతుంది. వీధిలో వాళ్లకు అది చాలు. పొద్దున పాలబ్బాయి, తర్వాత చెత్త ఆటో, పది గంటలకు కూరగాయల బండి, సాయంత్రం షటిల్ ఆడే పిల్లలు. ఇంతమందీ సర్దుకునేవాళ్లు.

2018లో వరంగల్ హైవే మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి సాగుతూ వచ్చాయి. ఆ దుమ్ము, ఆ గుంతలు, పిల్లర్ల మధ్య ఆ క్యూలు మీలో చాలామందికి నాకన్నా ఎక్కువే తెలుసు. నీళ్లకు అడ్డం పడితే పల్లం వెతుక్కున్నట్టు, మెయిన్ రోడ్డు మీద కదలని బండ్లు కాలనీల్లోకి దారి వెతుక్కున్నాయి. మొదట్లో మా వీధి గుండా అవతలి రోడ్డుకు వెళ్లొచ్చని లోకల్ ఆటోవాళ్లకే తెలుసు. తర్వాత ఫోన్‌లో మ్యాప్ అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. మ్యాప్‌కి నిమిషాలు తెలుసు. ఏ ఇంటి గేటులోంచి మూడేళ్ల పాప బంతి వెంట పరిగెత్తుకొస్తుందో దానికి తెలీదు.

మార్పు ఒక్క రోజులో రాలేదు. ముగ్గులు గేటు బయటి నుంచి లోపలికి జరిగాయి. మెట్ల మీద కూర్చుని తోటకూర తెంపుకునే ఎదురింటి అమ్మమ్మ ఇప్పుడు వరండాలో గ్రిల్ వెనక కూర్చుంటోంది. షటిల్ ఆట ఆదివారం పొద్దుటికి మాత్రమే మిగిలింది. ఇవన్నీ చిన్న విషయాలే కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆరో తరగతి పాప ఒకమ్మాయికి పుట్టినరోజుకి సైకిల్ కొన్నారు. వాళ్ల ఇల్లు మాకు నాలుగు వీధుల అవతల. రెండు వారాలు సంతోషంగా సైకిల్ మీద వచ్చింది, తర్వాత నాన్నగారి బైకు మీద రావడం మొదలైంది. "సైకిల్ ఏమైందిరా?" అంటే, "కార్లు ఎక్కువున్నయని నాన్న వద్దన్నారు మేడమ్" అంది. ఆ నాన్నగారిని నేను తప్పుపట్టను. నా కూతురైతే నేనూ అదే చేసేదాన్ని. కానీ ఇప్పుడు పొద్దున దింపడానికి, సాయంత్రం తీసుకెళ్లడానికి ఆయన బైకు మా వీధిలో రోజుకు నాలుగు సార్లు తిరుగుతోంది. అది చూసి ఇంకో తండ్రి తన కొడుకు సైకిల్‌కి తాళం వేస్తాడు. బండ్లు ఎక్కువని పిల్లల్ని బండ్ల మీద దింపుతున్నాం, అలా దింపబట్టి బండ్లు ఇంకా ఎక్కువవుతున్నాయి. ఈ ముడి ఎవరో ఒకరు విప్పాలి. ఫ్లైఓవర్ విప్పుతుందని కొందరి నమ్మకం. నాకైతే అంత నమ్మకం లేదు. అలవాటైన అడ్డదారిని ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు.

ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్‌లో రిపోర్ట్ రైటింగ్ చెప్పాలి. టెక్స్ట్‌బుక్‌లో ఇచ్చిన టాపిక్ పక్కన పెట్టి, మా కాలనీలోనే ఉండే నలుగురు పిల్లలకు వాళ్ల ఇళ్లలో అడిగి ఈ పని అప్పగించాను. మూడు రోజులు 7:50 నుంచి 8:20 వరకు మా మేడ మీద నిలబడి కింద వెళ్లే బండ్లకు గీతలు పెట్టాలి. రెండు కాలమ్‌లు. మా వీధిలో ఆగినవి, లేదా మా వీధి ఇళ్లలోంచి బయల్దేరినవి ఒకటి. ఈ చివర దూరి ఆ చివర తేలినవి రెండోది. మొదటి కాలమ్ మూడు రోజులకూ కలిపి ఒక పేజీ నిండలేదు. రెండోదానికి అదనపు పేపర్లు కావాల్సి వచ్చాయి. "వీళ్లలో ఎవరికీ మా వీధిలో పని లేదు" అని ఒకమ్మాయి ఇంగ్లిష్‌లో రాసింది. ఆ వాక్యంలో దిద్దడానికి నాకేమీ కనిపించలేదు.

అసలు విషయం మూడో కాలమ్‌లో ఉంది. నేను చెప్పకుండానే ఒకబ్బాయి దాన్ని సొంతంగా చేర్చాడు. బండి మీద స్కూల్ యూనిఫాం ఉందా లేదా అని. సగానికి పైగా గీతలు అందులో పడ్డాయి. ఆఫీసులకు పరిగెత్తే ఊరు మొత్తం మా వీధి మీద పడిందని మేమనుకుంటున్నాం. పడిందాంట్లో పెద్ద భాగం స్కూలు ట్రాఫిక్. అంటే మనమే.

కాలనీ మీటింగ్‌లో దీని గురించి మూడు ఆదివారాలు మాట్లాడుకున్నారు. మొదటి మాట గేటు. వీధి మొదట్లో ఇనుప గేటు పెట్టి పొద్దున రెండు గంటలు మూసేద్దామని. లేఅవుట్‌లో రోడ్డుగా వదిలింది అందరి రోడ్డు, దాన్ని అసోసియేషన్ మూయడానికి వీల్లేదు. ఇలా రోడ్లకు అడ్డంగా కట్టిన గోడల్ని 2025లో హైడ్రా చాలాచోట్ల కూల్చింది కూడా. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సైన్యం రోడ్లు మూసినప్పుడు మల్కాజిగిరి వైపు జనం ఎన్ని చుట్లు తిరిగారో మా మీటింగ్‌లో ఇద్దరికి స్వయంగా తెలుసు. అలా పద్ధతి ప్రకారం కాకుండా మూసిన కంటోన్మెంట్ రోడ్లను తెరవమని చివరికి 2018 మేలో రక్షణ శాఖే చెప్పాల్సి వచ్చింది. చట్టం సంగతి అటుంచితే నాకు అడ్డొచ్చింది ఇంకోటి. మా వీధి మూస్తే ఆ బండ్లు పక్క వీధికి పోతాయి. అక్కడ అంగన్‌వాడీ ఉంది.

రెండో మాట స్పీడ్ బ్రేకర్. దానికి ఎవరి అనుమతీ అడగలేదు. స్లాబ్ వేయగా మిగిలిన కాంక్రీటుతో ఒక రాత్రి రెండు దిమ్మెలు లేచాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే హంప్ 3.7 మీటర్ల పొడవున మెల్లగా లేచి, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, మెల్లగా దిగుతుంది. 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఇబ్బంది లేకుండా దాటాలి, అంతకన్నా జోరుగా వస్తే కుదుపు తెలియాలి. మా దిమ్మెల పొడవు అడుగున్నర. ఆటోలో వెళ్తే నడుము పట్టేస్తుంది. పైగా నీళ్లు పోవడానికి అంచున జానెడు ఖాళీ వదిలారు. బైకులన్నీ ఆ ఖాళీలోంచే పోతున్నాయి. పిల్లలు నడిచేది కూడా ఆ అంచునే.

ఆ అంచునే మొన్న వర్షాకాలంలో ఒక స్కూటీ జారింది. నిలిపిన కారు వెనక నుంచి ఎల్‌కేజీ పాప అడుగు బయటపెట్టింది, స్కూటీ అబ్బాయి గట్టిగా బ్రేక్ వేశాడు, ఇసుక మీద బండి పడిపోయింది. పాపకి ఏమీ కాలేదు. అబ్బాయి మోకాలికి కుట్లు పడ్డాయి. అతనూ యూనిఫాంలోనే ఉన్నాడు, లైసెన్స్ వయసు లేదు. మన స్కూలేనా అని అడగకండి, ఆ వీధిలో నాలుగు స్కూళ్ల యూనిఫాంలు తిరుగుతాయి. స్కూల్లోకి బండ్లు రానివ్వరని తొమ్మిది, పది తరగతుల పిల్లలు వాటిని పక్క సందుల్లో ఎక్కడ పెడతారో కాలనీ మొత్తానికి తెలుసు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ అని ఒకటుంది. మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రికి లేదా బండి ఓనర్‌కి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇది పీటీఎంలో చెప్తే కొందరు నవ్వుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా మ్యాథ్స్ సార్ ఇదే వీధి మీద ఎనిమిదో తరగతికి ఒక లెక్క ఇచ్చారు. వీధి పొడవు సుమారు 400 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 36 సెకన్లు పడుతుంది. 20తో వెళ్తే 72 సెకన్లు. తేడా 36 సెకన్లు. ఇక రెండో భాగం. 40తో వెళ్లే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. మా వీధిలో ఒక ఇంటి ముఖం 30 అడుగులు, అంటే 9 మీటర్లు. డ్రైవర్ పాపని చూసి కాలు బ్రేక్ మీదకి చేర్చేలోపే ఒక ఇల్లు దాటిపోయిందన్నమాట. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగు రెట్లని తొమ్మిదో తరగతి ఫిజిక్స్ చెప్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ పాఠం దాకా ఆగలేదు, అడిగి మరీ తెలుసుకున్నారు.

డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ 1960ల చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు వీధుల్ని పోల్చి చూశారు. తేడా ట్రాఫిక్‌లోనే. బండ్లు తక్కువ తిరిగే వీధిలో ఉండేవాళ్లకి, బాగా తిరిగే వీధివాళ్లకన్నా, అదే వీధిలో మూడు రెట్లు ఎక్కువ మంది స్నేహితులు ఉన్నారని తేలింది. ఎదురింటి అమ్మమ్మ గ్రిల్ వెనక్కి ఎందుకు వెళ్లిందో నాకు అది చదివాక అర్థమైంది. 1981లో ఆయన పుస్తకం వచ్చింది. మరుసటి ఏడే ఏథెన్స్‌లో కారు గుద్ది ఆయన చనిపోయారు. ఇటలీలోని బోల్జానో ఊరు 1989లో ఇంకో దారి పట్టింది. స్కూలు మొదలయ్యే వేళ, వదిలే వేళ కాసేపు స్కూలు ముందు వీధిలోకి బండ్లు రానివ్వరు. మిగతా రోజంతా ఆ వీధి అందరిదీ. తర్వాత చాలా దేశాల్లో స్కూళ్లు ఆ పద్ధతి తీసుకున్నాయి.

వీధి మూసే అధికారం మనకు లేదు. కానీ అందులోకి దూరకుండా ఉండటం మన చేతిలో పని. ప్రిన్సిపల్ గారితో మాట్లాడాక నెల రోజులు ఇలా చేసి చూద్దామన్నారు. మూడో తరగతి నుంచి పైవాళ్లని స్కూలు గేటు దగ్గర కాకుండా వాటర్ ట్యాంక్ పక్కన ఖాళీ స్థలంలో దింపండి. అది మెయిన్ రోడ్డు నుంచే వస్తుంది, కాలనీలోకి తిరగక్కర్లేదు. అక్కడి నుంచి స్కూలు సుమారు 300 మీటర్లు. 8 గంటలకొకసారి, 8:10కొకసారి పీఈటీ సార్, ఇద్దరు ఆయమ్మలు పిల్లల్ని వరుసగా నడిపించుకొస్తారు. సైకిల్ మీద వచ్చేవాళ్లు వాళ్ల వెనకే వస్తారు. ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా మామూలుగానే గేటు దగ్గరికి తీసుకురండి, వర్షం పడిన రోజు అందరూ అంతే. బ్యాగు బరువుగా ఉంటుందని కొందరు ఫోన్ చేశారు. ఆ మాట నిజమే. ఏ రోజు ఏ నోట్స్ తేవాలో డైరీలో ముందే రాయమని టీచర్లందరం అనుకున్నాం.

రెండో శనివారం పీటీఎంకి వచ్చినప్పుడు రిసెప్షన్ పక్కన ఎనిమిదో తరగతి పిల్లలు గీసిన కాలనీల మ్యాప్ కనిపిస్తుంది. మీ ఇల్లు ఎక్కడో అక్కడ పచ్చ స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టండి. ప్రస్తుతం మీరు వచ్చే దారిని ఎర్ర గీతతో గీయండి. గీతలు ఎక్కువ పడిన వీధి ఏదో చూసి, రెండో నడక గుంపు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అదే రోజు సాయంత్రం నిర్ణయిస్తాం. ఆ ఆరో తరగతి పాప వాళ్ల నాన్నగారు ముందే వచ్చి చుక్క పెట్టి వెళ్లారు. గీత మాత్రం ఇంకా గీయలేదు, శనివారం దాకా ఆలోచించుకుంటానన్నారు.