ఆంగ్లమున విభక్తులు

చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమును మా తండ్రిగారు మాకు ఇంటనే పాఠము చెప్పిరి. అది మొదలు విభక్తుల విషయమున మాకు కొంత గర్వ ముండెను. ఆ గర్వ మెట్లు భంగమైనదో విన్నవించుచున్నాము.

మా తాటిపాకలో పొరుగింటి పెద్దమ్మగారికిని, ఆమె కోడలికిని ఐదువందల రూపాయలనుగూర్చి మాట పట్టింపు వచ్చెను. కొబ్బరికాయ లమ్మిన సొమ్ములోనుండి తాను కోడలి కిచ్చితినని అత్తగారును, తానే అత్తగారి కిచ్చితినని కోడలును పలికిరి. సెలవులకు వచ్చిన కూతురి కుమారుడు ఆ లెక్కలను ఆంగ్లమున వ్రాసిపెట్టి వెళ్ళెను. ఇరువురును ఆ పుస్తకమును గొని మాయొద్దకు వచ్చిరి. అందు ‘గ్రాండ్‌మదర్ గేవ్ ఆంటీ ఫైవ్ హండ్రెడ్ రుపీస్’ అని యుండెను. పదముల యర్థము లన్నియు మాకు తెలియును; ‘కు’ మాత్రము కానరాలేదు. పుచ్చుకొనువారిని ముందు చెప్పుట మన వాడుకలో కలదు గదా యని, ‘అమ్మమ్మకు అత్త యిచ్చెను’ అని తీర్పు చెప్పితిమి. పెద్దమ్మగారు, ‘మతి తప్పుచున్నది కాబోలు, అమ్మాయీ’ అని కన్నులు తుడుచుకొని వెడలిరి.

సాయంకాలము బడినుండి వచ్చిన మావారు ఈ మాట విని నవ్వలేదు. ‘ఆంగ్లమున విభక్తి పదము చివర కాదు, పదమున్న చోట వెదకవలయును’ అనిరి.

మనము ‘రాముడు రావణుని చంపెను’ అన్నను, ‘రావణుని రాముడు చంపెను’ అన్నను చచ్చినవాడు రావణుడే. ఆంగ్లమున ఆ పేరులను తారుమారు చేసినచో రాముడే హతుడగును! సామాన్య వాక్యమున క్రియకు ముందున్నది కర్త, వెనుకనున్నది కర్మ. ఇచ్చుట మొదలగు క్రియలకు పిదప రెండు నామములు వరుసగా నున్నచో, మొదటిది పుచ్చుకొనువారిని, రెండవది ఇచ్చిన వస్తువును తెలుపును. కావున ‘ఆంటీ’ యను పదమున మన ‘కు’ దాగియున్నది. సొమ్మును ముందు చెప్పి, ‘టు ఆంటీ’ యని పిదప చేర్చినచో ఆ ‘కు’ బయటపడును.

వేయి సంవత్సరములకు పూర్వము ఆంగ్ల నామములకును విభక్తిరూపములు పెక్కు లుండెను. కాలక్రమమున అవి యరిగిపోగా, నేడు నామమునకు ‘మదర్స్’ అనునట్టి షష్ఠీరూప మొక్కటే మిగిలినది. సర్వనామములలో మాత్రము ‘హీ, హిమ్, హిజ్’ అను భేదము నేటికిని నిలిచియున్నది.

అట్లని మనము మిక్కిలి గర్వింప పనిలేదు. ‘పూజారి కొబ్బరికాయ కొట్టెను’ అన్నప్పుడు ‘ను’ ఎచట నున్నది? లేకున్నను మన కర్థమగుట లేదా?

ఆ రాత్రియే మేము పొరుగింటికి వెళ్ళి, కోడలి యెదుటనే మా తప్పు నొప్పుకొంటిమి. కోడలు తాను మఱచితినని సిగ్గుపడి అత్తగారి ప్రక్కన కూర్చుండెను. పెద్దమ్మగారు సొమ్ము మాట యెత్తలేదు. ‘అయితే నా మతి సరిగానే యున్నదన్నమాట’ అని మా చేయి పట్టుకొనిరి.

పిల్లలచేత ఆంగ్లము చదివించుకొను సోదరీమణులు పదమున కర్థ మడిగి ఊరకుండక, అది యే చోట నున్నదో గూడ చూడవలయునని మా మనవి.