రిపోర్టు నార్మల్ – మరి రక్తస్రావం?

మా కేసముద్రం, మహబూబాబాద్ ప్రాంతాల నుంచి గుండె ఆపరేషన్‌కు హైదరాబాదు వెళ్లే రోగుల చేతిలో ఒక రక్తపరీక్షల కాగితం ఉంటుంది. అందులో పి.టి., ఐ.ఎన్.ఆర్., ఎ.పి.టి.టి. అనే అంకెలు. "అన్నీ నార్మలే గదా సార్, ఇగ రక్తం పోదు గదా?" అని బంధువులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ అంకెలు అంతటి హామీ ఇవ్వలేవు.

ఈ పరీక్షలకు రక్తాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి, కణాలు అడుగుకు దిగాక, పైన తేరిన ప్లాస్మాను మాత్రమే తీసుకుంటారు. అది గడ్డకట్టడం మొదలుపెట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. గాయాన్ని మొట్టమొదట మూసే ప్లేట్‌లెట్ల పనితీరు ఇందులో తెలియదు. కనుకనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మింగుతున్న మనిషికి కూడా రిపోర్టు సవ్యంగా రావచ్చును. (వీటిని "రక్తం పలచబడే మందులు" అంటాము గాని, నిజానికి రక్తం పలచబడదు, గడ్డకట్టే గుణం తగ్గుతుంది.)

అసలు మార్పు ఆపరేషన్ బల్ల మీద జరుగుతుంది. హార్ట్-లంగ్ మెషిన్ గొట్టాలలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, ఎ.సి.టి. అనే పరీక్షలో చాలాచోట్ల 480 సెకన్లు దాటితేనే యంత్రం మొదలుపెడతారు. చివర ప్రొటమిన్‌తో హెపారిన్‌కు విరుగుడు ఇస్తారు. ఈలోగా యంత్రంలోని ద్రవంతో కలిసి రక్తం పలచబడుతుంది, చల్లబడుతుంది, ప్లేట్‌లెట్లు నలుగుతాయి. ముందురోజు రిపోర్టుకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

1948లో జర్మనీలో హార్టెర్ట్ అనే వైద్యుడు థ్రాంబోఎలాస్టోగ్రఫీ అనే పద్ధతి కనుగొన్నాడు. ఇది మొత్తం రక్తంతో చేసే పరీక్ష. గడ్డ ఎంత త్వరగా ఏర్పడింది, ఎంత గట్టిగా ఉంది అన్నది గీతగా చూపుతుంది. ఆపరేషన్ తర్వాత రక్తం ఆగనప్పుడు ప్లాస్మా ఎక్కించాలా, ప్లేట్‌లెట్లా అన్నది తేల్చుకోవడానికి ఉపకరిస్తుంది. గీత బాగానే ఉండి రక్తం కారుతూనే ఉంటే, కుట్టు ఎక్కడైనా వదులైందేమోనని సర్జన్ చూస్తారు.

ముందుగా పసిగట్టడానికి ఏ యంత్రమూ అక్కరలేని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పన్ను పీకించుకున్నప్పుడు రక్తం గంటల తరబడి కారిందా? కాన్పులో విపరీతంగా పోయిందా? ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందా? ఏ గోలీలు వాడుతున్నారు? "తెల్ల గోలీ" అంటే మాకు అర్థం కాదు. మోకాళ్ల నొప్పికి ఊళ్లో తెచ్చుకున్నవి సహా, అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

వాటిని మీరుగా మాత్రం ఆపకండి. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు. ఆస్పిరిన్‌ను తరచుగా కొనసాగిస్తారు. కృత్రిమ కవాటం ఉన్నవారు వార్ఫరిన్, అసిట్రోమ్ తమంతట తామే మానేస్తే కవాటం మీదనే గడ్డ కట్టవచ్చును. ఏది, ఎప్పుడు ఆపాలో ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజునే అడిగి, చీటీ మీద రాయించుకోండి.