చాక్లెట్ పుట్టిల్లు

సికింద్రాబాదు అంగళ్లలో చాక్లెట్ కొత్త వస్తువు కాదు. కంటోన్మెంటు కాలం నుండి బేకరీలకు అలవాటుపడిన ఊరు అది. అయితే రంగు కాగితంలో చుట్టిన ఆ బిళ్లకు మూలమైన గింజ ఎక్కడ పండుతుందని అడిగితే, పిల్లలే కాదు, పెద్దలు సైతం స్విట్జర్లాండు పేరు చెప్పడం కద్దు. స్విట్జర్లాండు చలిలో కోకో చెట్టు బతకదు. ఏలూరు దగ్గర మాత్రం ఏపుగా పెరుగుతుంది. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కినవారు తెల్లవారకముందే ఆ గింజ పండే సీమలో దిగవచ్చు.

ఏలూరు నుండి ఉత్తరంగా మెట్ట ప్రాంతానికి సాగే దారి పొడవునా కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలు కనిపిస్తాయి. వాటి నీడలో గుబురుగా ఉన్నవే కోకో చెట్లు. చూడవచ్చినవారిని మొదట ఆశ్చర్యపరిచేది వాటి కాయలు. పనస వలె అవి మానుకే కాస్తాయి. కాయను పగులగొడితే తెల్లని గుజ్జులో పొదిగిన 30, 40 గింజలు బయటపడతాయి. గుజ్జు తీపి, పులుపు కలిసి నోరూరిస్తుంది. గింజను కొరికితే మాత్రం చేదు, వగరు. చాక్లెట్ వాసన లేశమైనా ఉండదు!

ఆ వాసనకు బీజం పడేది పులియబెట్టడంలో. పచ్చిగింజలను గుజ్జుతో సహా చెక్కపెట్టెలలో పోసి, అరటి ఆకులు కప్పి, ఐదారు రోజులు ఉంచుతారు. గుజ్జులోని చక్కెరను సూక్ష్మజీవులు తినివేయగా పుట్టిన వేడి 50 డిగ్రీల దాకా చేరుతుంది. ఆ వేడికి, పులుపుకు గింజలోని మొలక చనిపోతుంది, చేదు తగ్గుతుంది, రంగు మారుతుంది. నడుమ గింజలను తిరగవేయకపోతే అడుగున కుళ్లు, పైన పచ్చి మిగులుతాయి. ఈ దశలో చెడిన గింజను ఎంతటి నిపుణుడూ తరువాత బాగుచేయలేడు. చాక్లెట్ రుచిని కార్ఖానా నిర్ణయిస్తుందని అనుకుంటారు గాని, సగం నిర్ణయం తోటలోనే జరిగిపోతుంది.

మన దేశంలో కోకో సాగును వ్యాపార స్థాయిలో ప్రోత్సహించినది క్యాడ్‌బరీ సంస్థ. 1965లో కేరళలో ఆరంభమైన ఆ ప్రయత్నం క్రమంగా గోదావరి కొబ్బరి తోటలకు పాకింది. నేడు దేశంలో కోకో అత్యధికంగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అయినా చాలాకాలం గింజలన్నీ ఒకే రాశిలో కలిసిపోయేవి. శ్రద్ధగా పులియబెట్టిన రైతుకూ, తొందరపడి ఎండబెట్టిన రైతుకూ ధరలో పెద్ద భేదం ఉండేది కాదు. అలాంటప్పుడు ఎవరు శ్రద్ధ వహిస్తారు?

ఈ పరిస్థితిని మార్చబూనినవారిలో ముప్పాల చైతన్య ఒకరు. ఆయన ఏలూరు జిల్లా తడికలపూడిలో రైతుల గింజలను పులియబెట్టే కేంద్రాన్ని నెలకొల్పి, 2023లో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ‘మనం చాక్లెట్ కార్ఖానా’ను ప్రారంభించారు. మరుసటి సంవత్సరమే ‘టైమ్’ పత్రిక ప్రపంచ దర్శనీయ స్థలాల జాబితాలో దానికి చోటు దక్కింది.

ఇటువంటి కార్ఖానాలలో గింజలను వేయించి, పొట్టు చెరిగి, పలుకులను చక్కెరతో కలిపి రాతి యంత్రంలో రెండు మూడు రోజులు రుబ్బుతారు. ఆ యంత్రాన్ని చూస్తే తెలుగు గృహిణికి నవ్వు రాక మానదు. అది ఇడ్లీ పిండి గ్రైండరుకు తోబుట్టువే. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో అమెరికాలో చాక్లెట్‌ను స్వయంగా చేయబూనినవారు దక్షిణ భారతపు గ్రైండరునే తెప్పించుకొన్నారు. తరువాతి పని చల్లని గదిలో జరగాలి. కోకోలోని వెన్న సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. నోట్లో వేసుకోగానే చాక్లెట్ కరగడానికి అదే కారణం. సికింద్రాబాదు మే నెల ఎండలో అది సంచిలోనే కరగడానికీ అదే కారణం.

అయితే ఈ తీపి వెనుక రైతుకు నిశ్చింత లేదు. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతినడంతో 2024 డిసెంబరులో ప్రపంచ విపణిలో టన్ను ధర 12 వేల డాలర్లు దాటింది. ఆ ఏడు గోదావరి రైతులు కోకో ధర అంత పెరగడం మునుపెన్నడూ చూడలేదు. 2025లో ధర పడిపోగా, అదే రైతులు ఏలూరులో ఆందోళనకు దిగారు. ఐవరీ కోస్టులో వానలు కురిసినదీ లేనిదీ మెట్ట ప్రాంతపు రైతు ఇంటి లెక్కలలోకి చొరబడుతున్నది. మేలైన గింజకు విడిగా ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారులు ఇంకా కొద్దిమందే.

కోకో మొక్క కాపుకు రావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. ఆపై పాతికేళ్లకు పైగా కాస్తుంది. అందుకే ధర తగ్గిందని చెట్టు నరకడానికి రైతుకు చేయి రాదు. కొబ్బరి నీడలో కాయలు పండుతూనే ఉంటాయి. వాటిని కోయక తప్పదు, గింజలను సకాలంలో తిరగవేయకా తప్పదు.