ఏరు జరిగింది, మేం జరగలేదు

మాలో ఒకరు తెలుగు పండితుడు. ఇంకొకరు ప్రాథమిక పాఠశాల టీచరమ్మ. నల్లగొండ జిల్లా బడుల్లో ముప్పయ్యేళ్లకు పైగా పిల్లల చేత దేశపటం గీయించాం. సరిహద్దు గీతను ఎర్ర పెన్సిలుతో దిద్దించాం. గీత వంకర పోతే చెవులు మెలిపెట్టాం. కానీ ఆ గీత దగ్గర మేమెప్పుడూ నిలబడలేదు. రిటైరైన ఇన్నేళ్లకు నిలబడ్డాం. అయితే అది మా దేశపు గీత కాదు. అమెరికాకీ మెక్సికోకీ మధ్య గీత.

కొడుకు డాలస్ పక్కన ఉంటాడు. వాడి దగ్గరికి వచ్చి ఆరేళ్లయింది. గ్రీన్‌కార్డు ఉంది. పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. ఇక్కడ రిటైరైనవాళ్లు కారు వెనక ట్రైలరు తగిలించుకుని, ఇంటిని వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతారు. చలికాలంలో ఉత్తరాది ముసలివాళ్లు వలస పిట్టల్లా టెక్సాసుకు, ఆరిజోనాకు దిగుతారు. మొన్న ఫిబ్రవరిలో మేమూ బయల్దేరాం. కొడుకు పికప్పు, వాడి పదిహేడడుగుల ట్రైలరు. "అబ్బా, మలుపుల్లో మెల్లగా. వెనక్కి తియ్యాల్సొస్తే మాత్రం ఎవరినైనా సాయం అడగండి" అన్నాడు. రెండు వారాల్లో అడగని రోజు లేదు.

ట్రైలరులో రెండు పొయ్యిలు, ఒక మంచం, చారెడు బాత్రూము. అందులో మా బద్నా ఒకటి. పొద్దున ఖిచిడీ, ఖట్టా. నమాజుకు మాత్రం దిక్సూచి కావాల్సొచ్చింది. అరవై ఏళ్లు పడమటికి తిరిగి సజ్దా చేసినవాళ్లం. ఇక్కడ కిబ్లా ఈశాన్యం. మొదట్లో ఒళ్లు దానంతటదే పడమటికి తిరిగేది. మనసు ఒప్పుకున్నా మోకాళ్లు ఒప్పుకోలేదు.

ముందు బిగ్ బెండ్ పార్కుకు వెళ్లాం. పార్కు దక్షిణపు హద్దు రియో గ్రాండే నది. అవతలి ఒడ్డున దాన్నే రియో బ్రావో అంటారు. ఒకే ఏటికి రెండు పేర్లు. మేం చూసినచోట మా ఊరి వాగంత కూడా లేదు. గేదెలు దాటే లోతు. అవతల బోకియాస్ అనే చిన్న ఊరు. వెనక సాయంత్రమయ్యేసరికి గులాబి రంగుకు తిరిగే కొండలు. ఆ ఊరివాళ్లు రాగి తీగతో తేళ్లు చేసి, ఇవతలి ఒడ్డున రాళ్ల మీద పెట్టి, పక్కన డబ్బులకో సీసా ఉంచి వెళ్లిపోతారు. కొనకూడదని పార్కువాళ్ల హెచ్చరిక. రాతి మీద తేలు, సీసా, మనిషి లేడు.

ఆ ఊరికి తెడ్ల పడవ ఉంది. ఒకప్పుడు జనం అటూ ఇటూ మామూలుగా తిరిగేవారట. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002లో ఆ రేవు మూసేశారు. పదకొండేళ్లకు, 2013లో తెరిచారు. మూసివున్న ఆ ఏళ్లలో, ఎదురుగా కనిపించే ఊరికి చట్టప్రకారం వెళ్లాలంటే వంద మైళ్లు దాటి చుట్టి రావాలి. న్యూయార్కులో కూలిన భవనాలకీ ఈ పడవవాడికీ ఏం సంబంధం? ఎక్కడో జరిగినదానికి ఇంకెక్కడో ఉన్నవాడు జవాబుదారీ కావడం మాకు కొత్త కాదు.

గ్రీన్‌కార్డు ఉంటే ఆ పడవ ఎక్కొచ్చు. వీసా అక్కర్లేదు. తిరిగి రావచ్చు. అన్నీ కనుక్కున్నాం. రేవు దాకా నడిచాం. తీరా అక్కడ నిలబడి, "ఎందుకులే, ఏదైనా అడుగుతారేమో" అనుకుని వెనక్కి వచ్చేశాం. ఎవరూ ఆపలేదు. మేమే ఆగాం.

మర్నాడు పార్కు నుంచి ఉత్తరంగా వస్తుంటే రోడ్డు మీద తనిఖీ కేంద్రం. దేశం లోపలే ఇలాంటివి ఉంటాయి. ప్రతి బండీ ఆగాలి. ముఖంలో మెక్సికో పోలికలున్నా సరే, బండిని పక్కకు పంపి ప్రశ్నలడగొచ్చని 1976లో ఈ దేశపు సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. దూరం నుంచి నారింజరంగు కోన్లు కనిపించాయి. అప్పుడు జరిగింది చెప్పడానికే ఈ వ్యాసం.

మాలో ఒకరి తలమీది టోపీ జేబులోకి పోయింది. ఇంకొకరి తలమీది దుపట్టా మెడలోకి జారింది. ఒకరికొకరం చెప్పుకోలేదు. ఒకరినొకరం చూసుకోలేదు. అద్దంలో మాత్రం కనబడ్డాం.

యూనిఫారం కుర్రవాడు వచ్చాడు. ఛాతీ మీద పేరు స్పానిష్ పేరు. "అమెరికా పౌరులేనా?" అన్నాడు. కార్డులు చూపించాం. చూశాడు, ఇచ్చాడు, "జాగ్రత్తగా వెళ్లండి" అన్నాడు. అర నిమిషం. అతనిలో తప్పేమీ లేదు. మర్యాదగా ఉన్నాడు. పది మైళ్లు పోయాక కూడా మాకు నోట మాట రాలేదు. ఎవరు తియ్యమన్నారు? ఎవరికోసం తీశాం?

ఈ అలవాటు టెక్సాసులో అబ్బింది కాదు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. షార్జాలో మ్యాచి ఉన్నరోజు స్టాఫ్‌రూములో అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్లం మేమే. క్రికెట్ మాకు సరిగా తెలియదు. 1992 డిసెంబరు 6 తర్వాత బడి తెరిస్తే, ఎవరూ ఆ ఊసెత్తకముందే మేమే "అన్నీ సర్దుకుంటాయి సార్" అని వాళ్లను ఓదార్చాం. పగిలింది ఎవరిది, ఓదార్చింది ఎవరు? పాతికేళ్లు పద్యాలు చెప్పిన తెలుగు పండితుణ్ణి పట్టుకుని "మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!" అంటే, పొగడ్తే కదా అని నవ్వి ఊరుకున్నాం. మా అమ్మ జోలపాడింది తెలుగులో. మేం కలలు కనేది తెలుగులో. మా భాషను మాకు అప్పుగా ఇచ్చినట్టు మెచ్చుకుంటారెందుకని అడగలేదు. అడిగితే ఇంకేదో అడుగుతారని భయం.

ఆ "ఇంకేదో" ఏమిటో ఇప్పుడు రాస్తున్నాం. బయట రాయడం ఇదే మొదలు.

మాలో ఒకరికి పెద్దక్క ఉండేది. ఆపా. 1963లో నికా అయి కరాచీ వెళ్లింది. మేనత్త కొడుకే. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఉంది. ఖట్టా, బఘారా బైంగన్ దొరికే చోటు. 1965 యుద్ధంతో రాజస్థాన్ వైపు నుంచి సింధుకు పోయే రైలు ఆగింది. ఉత్తరాలు కూడా తగ్గాయి. 1984లో ఆపా ఒక్కసారి వచ్చింది. ఏ ఊరికి వీసా ఇస్తే ఆ ఊళ్లోనే ఉండాలి. వచ్చినట్టు పోలీసులకు చెప్పాలి, వెళ్తున్నట్టు చెప్పాలి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ మొదటి సంతకం పెట్టింది ఠాణాలో.

2006 ఫిబ్రవరిలో ఆ రైలు మళ్లీ మొదలైంది. మునాబావ్ నుంచి ఖోఖ్రాపార్. నలభై ఏళ్ల తర్వాత. ఆపా ఫోన్ చేసి "ఇప్పుడైనా రండ్రా" అంది. మేం సర్వీసులో ఉన్నాం. విదేశం వెళ్లాలంటే డిపార్టుమెంటుకు అర్జీ పెట్టుకోవాలి. ఏ దేశం అన్నచోట ఆ పేరు రాయాలి. కాగితం తెచ్చుకున్నాం. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. ఫైలులో మచ్చ పడుతుందేమో, రేపు కొడుకు ఉద్యోగానికి అడ్డమొస్తుందేమో. ఎవరూ కాదనలేదు. మేం అడగలేదు. 2009లో ఆపా పోయింది. జనాజా ఫోనులో విన్నాం. 2019 ఆగస్టులో ఆ రైలు కూడా ఆగిపోయింది. మమ్మల్ని ఆపింది రైలు కాదు, ప్రభుత్వమూ కాదు, మాలో ఉన్న తనిఖీ కేంద్రం.

అక్కణ్ణుంచి ఎల్‌పాసో చేరాం. ట్రైలర్ల పార్కులో మా పక్క ట్రైలరు ఒక పెద్దావిడది. మెక్సికో మూలాలున్న అమెరికన్. మా ఖట్టాలో చింతపండు రుచి చూసి "ఇది మాదే" అంది. వాళ్లకూ చింతపండు ఉంది. మాటల్లో చెప్పింది: "చిన్నప్పుడు మా ఇంటిచోటు మెక్సికోకు వెళ్లిపోయింది. మేం వెళ్లలేదు."

మొదట అర్థం కాలేదు. 1848 ఒప్పందంలో ఇక్కడ సరిహద్దు నదీ గర్భమని రాసుకున్నారు. నది కాగితం చదవదు కదా. దక్షిణానికి జరుగుతూ వచ్చింది. 1864 వరదల్లో బాగా జరిగింది. మెక్సికో నేల సుమారు ఆరువందల ఎకరాలు అమెరికా ఒడ్డున పడింది. దాని పేరు చమిజాల్. వందేళ్లు కొట్లాడుకుని 1963లో ఒప్పందం చేసుకున్నారు. ఎక్కువ భాగం మెక్సికోకు తిరిగిచ్చారు. నది మళ్లీ జరగకుండా సిమెంటు కాలువ కట్టి అందులో పోశారు. రెండు దేశాల అధ్యక్షులు చేతులు కలిపారు. అయిదువేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేశారు. ఆ ఇళ్లలో ఒకటి ఈమెది. ఇప్పుడక్కడ స్మారక పార్కు ఉంది. పచ్చిక చాలా బాగుంది.

నలభై మైళ్ల అవతల న్యూమెక్సికోలో మెసియా అనే ఊరు. ఆ ఊరి కథ విన్నాక మేం చాలాసేపు ఆ చౌక్‌లో బెంచీ మీద కూర్చుండిపోయాం. 1848లో యుద్ధం ఓడి మెక్సికో తన ఉత్తరభాగమంతా అమెరికాకు వదులుకుంది. అక్కడివాళ్లకు ఏడాది గడువిచ్చారు. వెళ్తే వెళ్లండి, ఉంటే అమెరికన్లు. కొందరు అమెరికన్లు కావడం ఇష్టంలేక ఇల్లూ వాకిలీ వదిలి, నది దాటి ఇటు వచ్చి మెసియాలో స్థిరపడ్డారు. అయిదారేళ్లు గడిచాయో లేదో, రైలుమార్గం కోసం అమెరికా ఆ నేలను కూడా కోటి డాలర్లకు కొనేసింది. 1854లో ఆ చౌక్‌లోనే జెండా మారింది. వెళ్లినవాళ్లను కూడా సరిహద్దు వెంటాడి పట్టుకుంది.

ఉండిపోయినవాళ్లకు మాత్రం ఏం ఒరిగింది? భూములు మీవేనని ఒప్పందంలో ఉంది. పత్రాలు ఇంగ్లీషు కోర్టుల్లో రుజువు చేసుకోలేక చాలామంది పోగొట్టుకున్నారు. వాళ్ల మనవల మనవళ్లను ఇవాళ్టికీ అడుగుతారు, ఎక్కణ్ణుంచి వచ్చారని. ఎక్కణ్ణుంచీ రాలేదు. గీతే వచ్చింది.

మేం మెసియాలో కూర్చుని నల్లగొండ గురించి మాట్లాడుకున్నాం. 1947లో మా తాతలకూ ఎవరో గడువిచ్చారు. వాళ్లకు ఆ సంగతే తెలియదు. ఎద్దు, నాగలి, పీర్ల చావడి, పక్కింటి బావమరిది వరస రెడ్డిగారు. అదే వాళ్ల దేశం. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. నిజాం పోయాడు, మంచిదే. రజాకార్లు పోయారు, ఇంకా మంచిదే. కానీ రజాకార్ల చేత దెబ్బలు తిన్న సాయిబును కూడా ఆ తర్వాత రజాకారనే చూశారు. సంస్థానం మొత్తం మీద ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది దాకా ప్రాణాలు పోయి ఉంటాయని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక మామూలు జనం చదవడానికి 2013 దాకా పట్టింది. మా తాత ఆ నెల జొన్నచేలో దాక్కున్నాడని మా అమ్మ చెప్పేది. కాపలా ఉన్నదీ, అన్నం తెచ్చిపెట్టిందీ ఆ రెడ్డిగారి ఇంటివాళ్లే. రెండూ నిజాలే. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచడం మావల్ల కాదు.

ఆ పెద్దావిడ ఇంకో సంగతి చెప్పింది. 2016 నుంచి ఎల్‌పాసో దగ్గర ఏటిలో అప్పుడప్పుడూ విడిపోయిన కుటుంబాలను కలుపుతారట. ఇటువాళ్లకొక రంగు చొక్కా, అటువాళ్లకొక రంగు. కాలువ మధ్య కౌగలించుకోవచ్చు. మూడు నిమిషాలు. "మూడు నిమిషాల్లో ఏం మాట్లాడతారు?" అని అడిగాం. "ఎవరూ మాట్లాడరు" అంది. ఆ రాత్రి ట్రైలరులో మాలో ఒకరు నిద్రపోలేదు. మూడు నిమిషాలు ఇస్తామన్నా మేం అర్జీ పెట్టి ఉండేవాళ్లం కాదేమో. నిద్రపోనివ్వనిది ఆ "ఏమో".

మేం మెక్సికన్లం కాము. మా చేతుల్లో కార్డుంది. ఆ ఎడారిలో దాహంతో పడిపోయే వాళ్లతో మా కష్టాన్ని తూచడం పాపం. పోలిక అంతవరకే. కానీ అడిగేవాడు నోరు తెరవకముందే తల వంచడమనే జబ్బు ఏ దేశంలోనైనా ఒకటే. దానికి మందు కూడా ఎవరో తెచ్చిస్తారని ఇన్నాళ్లు చూశాం.

తిరుగు ప్రయాణం డాలస్‌కు కాదు. ఏడువందల మైళ్లకు పైగా హ్యూస్టన్‌కు. అక్కడ ఆపా కొడుకున్నాడు. పుట్టింది కరాచీలో. చూడని హైదరాబాదు యాసలో "నక్కో ఖాలా, హౌ ఖాలా" అంటాడు. ఫోన్లో ఆరేళ్లుగా పిలుస్తున్నాడు. ఆరేళ్లుగా ఏదో ఒక వంక చెబుతున్నాం.

తూర్పుకు వచ్చే రోడ్డు మీద మళ్లీ కోన్లు కనిపించాయి. "అజీ, టోపీ" అని ఒక గొంతు. "ఉంది" అని ఇంకో గొంతు. దుపట్టా తలమీద సరిచేసుకోవడం అద్దంలో కనిపించింది. ఈసారి ఒకరినొకరం చూసుకున్నాం.

"పౌరులేనా?"

"కాదు బాబూ. ఇండియా. ఇక్కడ నివాసం." కార్డులు ఇచ్చాం.

"ఎక్కడికి?"

"హ్యూస్టన్. మా ఆపా కొడుకును చూడ్డానికి."

ఆపా ఎక్కడుండేది అని అతను అడగలేదు. అడిగితే చెప్పేవాళ్లం.