ఖాళీ మెషీన్

"ఏ ఊరమ్మాయ్?" అని మొదలుపెట్టింది ఇంటివాళ్లావిడ. అమలాపురం దగ్గరన్నాను. ఇంటిపేరు అడిగింది, చెప్పాను. "మీ ఇల్లు ఊళ్లోనా, పేటలోనా?" అంది. పేటలోనే అన్నాను. అబద్ధమాడాల్సిన పనేముంది నాకు?

కెనడాలో బ్రాంప్టన్‌లో వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. వంటిల్లు, బాత్రూం నావి నాకే. వాషింగ్ మెషీన్ ఒక్కటే ఉమ్మడి. ఆ రోజు తర్వాత నేను బట్టలు తీయడం ఆలస్యం, ఆవిడ కిందికి దిగి మెషీన్‌లో వేడినీళ్లు పెట్టి ఖాళీగా తిప్పేది. గోడకివతల పడుకుని వినేదాన్ని. బట్టలున్నప్పటి చప్పుడు వేరు, ఉత్తి డ్రమ్ము తిరిగే చప్పుడు వేరు. కొన్నాళ్లకు, చుట్టాలొస్తున్నారు, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమంది.

"దేశం కాని దేశంలో గొడవలెందుకే" అని అమ్మ ఏడ్చింది. తెలుగు స్నేహితులూ సర్దుకోమన్నారు. నాతో గిడ్డంగిలో పనిచేసే పంజాబీ అక్క మాత్రం, వాళ్లదీ మాలాంటి బతుకే, బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రపు మానవ హక్కుల కమిషన్ ప్రకటన ఫోన్‌లో తెరిచి చూపించింది. 2023 అక్టోబరులో ఇచ్చారు. అక్కడి హక్కుల చట్టంలో కులం అన్న పేరు లేదు. అయినా వంశం, మతం, జాతి, పుట్టిన చోటు అన్న ఆధారాల కింద కులవివక్షా చట్టవిరుద్ధమేనని అందులో ఉంది. చదువుతుంటే చేతులు వణికాయి. 1961 నుంచీ ఉన్న కమిషన్, ఇన్నేళ్లకు మా బాధకు పేరు పెట్టింది.

ఫిర్యాదు మాత్రం కమిషన్‌కు కాదు, మానవ హక్కుల ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి, అదీ ఏడాదిలోపే. ఉచితంగా సలహా చెప్పే న్యాయసహాయ కేంద్రం వేరే ఉంది. అక్కడ వాళ్లు ముందుగా అడిగింది, వంటిల్లు గానీ బాత్రూం గానీ ఓనర్లతో కలిపి వాడతావా అని. వాడితే అద్దె విషయంలో ఈ చట్టం వర్తించదట! మన పిల్లలు ఎంతమంది అలాంటి గదుల్లోనే తలదాచుకుంటున్నారు! నాకు విడిగా ఒక స్టవ్వు, బాత్రూం ఉండబట్టి కేసు వేయగలిగాను, లేకపోతే అదే అవమానానికి అడిగే దిక్కే లేదు. ఈ మినహాయింపు తీసేయమని కమిషన్ గట్టిగా అడగాలి. కొత్తగా విమానం దిగే పిల్లలకు వాళ్ల హక్కులేమిటో తెలుగులో, పంజాబీలో చెప్పాలి.

ఇల్లు మారాను. దరఖాస్తులో మెషీన్ సంగతి మొత్తం రాశాను. విచారణ తేదీ ఇంకా రాలేదు.